లైబ్రరీ కండ్ల ముందే ఉన్నా ‘ఫైల్ నాట్ ఫౌండ్’ ఎందుకంటది?

తమ్మీ, నీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్త, తప్పుంటే దిద్దు. నర్సంపేట దగ్గర జిన్నింగ్ మిల్లులో కాంటా పక్కన రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్, కింద ‘పై’ అంటే ఇదే) పెట్టినవ్. అందులో 32 బిట్ ఓఎస్. పత్తి బండి కాంటా ఎక్కంగనే బరువు పట్టుకొని, ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్న ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ డేటాబేస్‌లోకి పైథాన్ తోటి పంపాలె. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఓడీబీసీ డ్రైవర్ (ప్రోగ్రామును డేటాబేస్‌తోటి మాట్లాడించే లైబ్రరీ) పై మీద ఎక్కలేదు. అందుకని అదే పని చేసే ఫ్రీటీడీఎస్ అనే ఉచిత డ్రైవర్ సోర్స్ దించుకొని నీ ఉబుంటు ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసినవ్. అక్కడ మంచిగనే కనెక్ట్ అయింది, కాకపోతే రైతుల పేర్లు తెలుగులో పంపితే ప్రశ్నార్థకాలు పడ్డయి. ఆ లైబ్రరీ ఫైలునే పెన్‌డ్రైవ్‌ల వేసుకొచ్చి పైలో పెడితే ‘కాంట్ ఓపెన్ లిబ్, ఫైల్ నాట్ ఫౌండ్’ అంటుంది. ‘ఎల్ఎస్ కొడితే ఫైలు కనబడుతుంది అన్నా, పర్మిషన్లు కూడ 777 ఇచ్చిన’ అని రాసినవ్.

ముందు ఆ 777 తీసేయ్. జబ్బు పర్మిషన్లల్ల లేదు, పెన్‌డ్రైవ్‌ల ఉంది.

నీ ల్యాప్‌టాప్ ఇంటెల్ ప్రాసెసర్‌ది, 64 బిట్. పైలో ఉన్నది ఏఆర్ఎమ్ అనే వేరే రకం ప్రాసెసర్, అదీ 32 బిట్ ఓఎస్. అక్కడ కంపైల్ అయిన లైబ్రరీలో ఉన్న మెషిన్ కోడ్ ఇక్కడ నడవదు. ‘ఫైల్’ అనే కమాండ్ ఉంటది, దానికి లైబ్రరీ పేరు ఇచ్చి చూడు: ‘ఈఎల్ఎఫ్ 64 బిట్, ఎక్స్86-64’ అని వస్తది. పైకి కావాల్సింది ‘ఈఎల్ఎఫ్ 32 బిట్, ఏఆర్ఎమ్’.

మరి ఆ ముచ్చట చెప్పకుండ ‘ఫైలే లేదు’ అని అబద్ధం ఎందుకు చెప్తది? ప్రోగ్రాము అడిగిన డ్రైవర్‌ను తెరిచి ఇచ్చేది యూనిక్స్‌ఓడీబీసీ డ్రైవర్ మేనేజర్. అది లైబ్రరీలను నేరుగా తెరవదు, ‘లిబ్‌ఎల్‌టీడీఎల్’ అనే ఇంకో లైబ్రరీ ద్వారా తెరుస్తది. తెరవలేకపోతే కారణం ఏదైనా సరే, అది చాలాసార్లు మనకు చూపే మాట ఒక్కటే, ‘ఫైల్ నాట్ ఫౌండ్’. ప్రాసెసర్ వేరైనా అదే మాట, ఆ లైబ్రరీ ఆధారపడ్డ ఇంకో లైబ్రరీ లేకపోయినా అదే మాట, నిజంగ ఫైలు లేకపోయినా అదే మాట. అందుకే ఈ ఎర్రర్ చూస్తే నేను రెండే కమాండ్లు కొడత. ఒకటి ‘ఫైల్’, రెండోది ‘ఎల్‌డీడీ’. ఎల్‌డీడీకి డ్రైవర్ లైబ్రరీ దారి ఇస్తే దానికి ఏమేం లైబ్రరీలు కావాలో వరసగ చూపిస్తది. ఏ వరస చివర ‘నాట్ ఫౌండ్’ అని ఉంటదో అదే దొంగ. నాకు చాలాసార్లు అక్కడ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) దొరికింది: ఒక మెషిన్‌లో పాత వెర్షన్ తోటి బిల్డ్ చేసి, కొత్త వెర్షన్ ఉన్న మెషిన్‌కు ఎత్తుకపోయిన కేసులు. ఒకే రకం ప్రాసెసర్ అయినా సరే, డ్రైవర్ లైబ్రరీని కాపీ కొట్టి తెచ్చుకోవద్దు, నడవాల్సిన మెషిన్ మీదనే బిల్డ్ చెయ్.

ఇక్కడ ఇంకో మోసం ఉంది. పై 4 మీద 32 బిట్ ఓఎస్ వేసినా ఈమధ్య కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) మాత్రం 64 బిట్‌ది బూట్ అవుతుంది. ‘యూనేమ్ -ఎమ్’ కొడితే ‘ఏఆర్క్64’ అంటది, మనం 64 బిట్ అని మురుస్తం. ఆ కెర్నల్ మీద నడిచే ప్రోగ్రాములన్నీ 32 బిట్‌వే. నిజం కావాలంటే ‘గెట్‌కాన్ఫ్ లాంగ్_బిట్’ కొట్టు, 32 అని చూపిస్తది. ‘డీపీకేజీ --ప్రింట్-ఆర్కిటెక్చర్’ కొడితే ‘ఏఆర్ఎమ్‌హెచ్ఎఫ్’ అంటది. మైక్రోసాఫ్ట్ డ్రైవర్ ఎక్కకపోవడానికి కూడ ఇదే కారణం. 18వ వెర్షన్ నుంచి వాళ్లు 64 బిట్ ఏఆర్ఎమ్‌కు ఇస్తున్నరు కని 32 బిట్ ఏఆర్ఎమ్‌కు ఇయ్యరు.

బిల్డ్‌కు దిగే ముందు ఒక మాట. నీకు సోర్స్ నుంచి బిల్డ్ చేసే అవసరమే ఉండకపోవచ్చు. ‘టీడీఎస్‌ఓడీబీసీ’ అనే ప్యాకేజీ డెబియన్‌లో, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో ఉంది, ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ కొడితే రెండు నిమిషాల పని. ఆ ప్యాకేజీలో వెర్షన్ మరీ పాతదై నాకు కావాల్సిన సవరణ లేనప్పుడో, టీఎల్ఎస్ (నెట్‌వర్కుల పోయే డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) లాంటివి నాకు కావాల్సిన తీరుగ పెట్టుకోవాల్సినప్పుడో మాత్రమే నేను సోర్స్‌కు పోత. నువ్వు మాత్రం ‘నేర్చుకోవాలని కూడ ఉంది’ అని రాసినవ్ గనక చెప్తున్న. కమాండ్లు, ఫైళ్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్న. కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకో, రెండు హైఫన్లు ఉన్నకాడ రెండూ కొట్టు.

పైలో ముందు కావాల్సినవి: బిల్డ్-ఎసెన్షియల్, యూనిక్స్‌ఓడీబీసీ, దాని డెవలప్‌మెంట్ ప్యాకేజీ యూనిక్స్‌ఓడీబీసీ-డెవ్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్. చాలామంది ఆగేది మూడో దాని దగ్గర. యూనిక్స్‌ఓడీబీసీ ఎక్కించిన కద అనుకుంటరు, అది నడపడానికి మాత్రమే. బిల్డ్‌కు హెడర్ ఫైళ్లు కావాలె, అవి డెవ్ ప్యాకేజీలోనే ఉంటయి. అది లేకుంటే కాన్ఫిగర్ (బిల్డ్‌కు ముందు మెషిన్‌ను తనిఖీ చేసే స్క్రిప్టు) ‘ఎస్‌క్యూఎల్.హెచ్ నాట్ ఫౌండ్’ అని ఆగుతది. ఆగితే అదృష్టం అనుకో. ఓడీబీసీ ఆప్షన్ అసలు ఇయ్యకుండ ఉత్త కాన్ఫిగర్ కొట్టినవాళ్లకు అది ఏ లొల్లీ లేకుండ ముగుస్తది, మేక్ (కంపైల్ చేసే కమాండ్) కూడ ముగుస్తది, చివరకు చూస్తే ఓడీబీసీ డ్రైవరే తయారుగాదు.

సోర్స్ గిట్ నుంచి కాకుండ టార్‌బాల్ (జిప్ లాంటి ఒక్క ఫైలు మూట) తీసుకో. గిట్‌ది అయితే కాన్ఫిగర్ స్క్రిప్టును కూడ మనమే పుట్టించుకోవాలె, దానికి ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్ అని ఇంకో సంత. టార్‌బాల్ విప్పి, ఆ ఫోల్డర్‌లోకి పోయి ఇట్ల కొట్టు:

./కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=/యూఎస్ఆర్/లోకల్ --విత్-యూనిక్స్‌ఓడీబీసీ=/యూఎస్ఆర్ --విత్-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్=/యూఎస్ఆర్ --విత్-టీడీఎస్‌వెర్=7.4

ఈ వరసను ఒక టెక్స్ట్ ఫైలులో రాసి పెట్టుకో. వచ్చే సీజన్‌కు ఎస్‌డీ కార్డు పోతది (పత్తి దుమ్ముకు, కరెంటు కోతలకు తప్పకుండ పోతది), అప్పుడు ఏం ఆప్షన్లు ఇచ్చిననో యాదికి రాదు.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎందుకంటే, సర్వర్ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి చేసి ఉంటే, టీఎల్ఎస్ లేకుండ బిల్డ్ అయిన డ్రైవర్ లాగిన్ దగ్గరనే కూలబడుతది. టీడీఎస్ అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ మాట్లాడే ప్రోటోకాల్. 7.4 అనేది 2012, ఆ తర్వాతి ఎస్‌క్యూఎల్ సర్వర్లకు. పాత బ్లాగుల్లో చూసి 7.0, 7.1 అని పెట్టకు. కనెక్ట్ అయితది కని, 7.3 నుంచి వచ్చిన డేట్, డేట్‌టైమ్2 రకాలు తేదీలుగా కాకుండ ఉత్త అక్షరాలుగా వస్తయి. రాత్రి లెక్క చూసేటప్పుడు పైథాన్‌ల తేదీలుగా వాడబోతే పరేషాన్ అయితవ్.

తర్వాత మేక్, ఆ తర్వాత సుడో మేక్ ఇన్‌స్టాల్, చివర సుడో ఎల్‌డీకాన్ఫిగ్. మేక్ నడిచేలోపు చాయ్ తాగిరా, చిన్న ప్రాజెక్టే. డెబియన్, ఉబుంటులలో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ అనే దారి లోడర్‌కు ముందే తెలుసు. రెడ్‌హ్యాట్ తరహా వాటిల్లో తెలియదు, మనమే చేర్చాలె. నీకు ఆ బాధ లేదు.

ఇప్పుడు నడపాలె. ఇక్కడ అందరూ చేసే తప్పు, నేరుగ పైథాన్ ప్రోగ్రామ్ నడిపి ఎర్రర్ చదువుకుంట కూసోవడం. నీది పాకాల చెరువు దిక్కు కద. ఆఖరి మడికి నీళ్లు రాకపోతే మడిలో నిలబడి చూస్తే ఏం తెలుస్తది? తూముకాడికి పోయి అక్కడి నుంచి కాల్వ పట్టుకొని నడుచుకుంట రావాలె. ఇక్కడ తూము అంటే సర్వర్. అక్కడి నుంచి నెట్‌వర్కు, ఫ్రీటీడీఎస్, డ్రైవర్ మేనేజర్, చివర పైథాన్.

నెట్‌వర్కుకు ‘ఎన్‌సీ -వీజడ్’ కొట్టి, సర్వర్ ఐపీ, 1433 ఇయ్. కనెక్ట్ కాకపోతే డ్రైవర్ జోలికి పోకు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించినప్పుడు టీసీపీ-ఐపీ ఆఫ్‌లోనే ఉంటది, పేరున్న ఇన్‌స్టెన్స్ అయితే పోర్టు కూడ ఎప్పటికప్పుడు మారుతది. విండోస్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్ తెరిచి టీసీపీ-ఐపీ ఆన్ చేసి, ‘ఐపీ ఆల్’ కింద డైనమిక్ పోర్టు గడి ఖాళీ చేసి, టీసీపీ పోర్టు గడిలో 1433 రాసి, సర్వీసు రీస్టార్ట్ చెయ్. ఫైర్‌వాల్‌లో కూడ ఆ పోర్టు తెరువు. సర్వర్ ప్రాపర్టీస్‌లో విండోస్ లాగిన్ ఒక్కటే కాకుండ మిక్స్‌డ్ మోడ్ ఉండాలె, లేకుంటే ఎస్‌క్యూఎల్ యూజర్ తోటి లోపలికి రానియ్యదు.

తర్వాత ‘టీఎస్‌క్యూఎల్ -సీ’, ఆ సీ పెద్దక్షరం. ఇది మనం బిల్డ్ చేసిన ఫ్రీటీడీఎస్ జాతకం చెప్తది: వెర్షన్, టీడీఎస్ వెర్షన్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఉందా, యూనిక్స్‌ఓడీబీసీ ఉందా, అన్నిటికంటె ముఖ్యంగ ‘ఫ్రీటీడీఎస్.కాన్ఫ్’ ఏ ఫోల్డర్‌లో వెతుకుతుందో.

ఈ వరస నేను చదవకపోవడం వల్ల ఒకసారి నా రాత్రి పోయింది. హనుమకొండలో ఒక వ్యాపారి దగ్గర, మిర్చి సీజన్. తెల్లారితే ఎనుమాముల యార్డుకు బస్తాలు దిగుతయి, పొద్దుగాల కల్ల కాంటా నడవాలె. నేను /ఈటీసీ/ఫ్రీటీడీఎస్ ఫోల్డర్‌లో ఉన్న కాన్ఫ్ ఫైలులో ఐపీ మారుస్తున్న, సేవ్ చేస్తున్న, కొడుతున్న, పాత ఐపీకే పోతుంది. మెషిన్ రీబూట్ చేసిన, కేబుల్ మార్చిన, వైఫై రూటర్‌ను తిట్టిన. రాత్రి 11 దాటినంక అప్పుడు ‘విచ్ టీఎస్‌క్యూఎల్’ కొడితే /యూఎస్ఆర్/లోకల్/బిన్ అని వచ్చింది. అంటే సోర్స్ నుంచి బిల్డ్ అయినది. అది చదివేది /యూఎస్ఆర్/లోకల్/ఈటీసీలో ఉన్న ఫైలును. నేను దిద్దుతున్నది ఎవరో ఎప్పుడో ఆప్ట్ తోటి ఎక్కించిన ప్యాకేజీ ఫైలును. ఒక మెషిన్‌లో రెండు ఫ్రీటీడీఎస్‌లు ఉంటే రెండు కాన్ఫ్ ఫైళ్లు ఉంటయి. నువ్వు ఆప్ట్ తోటి ఎక్కించింది ఉంటే ముందు తీసేసి తర్వాత సోర్స్‌కు దిగు.

ఇప్పుడు ‘టీఎస్‌క్యూఎల్ -హెచ్ 192.168.1.20 -పీ 1433 -యూ కాంటాయూజర్’ (హెచ్, యూ పెద్దవి, పోర్టుకు పీ చిన్నది) అని కొట్టు, ఐపీ నీ సర్వర్‌ది పెట్టుకో. 20009 నంబరు ఎర్రర్ వస్తే అసలు సర్వర్ దాకా పోలేదు, తూముకాడికే తిరిగి పో. 20002 వస్తే పోయింది కని మాట కలవలేదు, చాలాసార్లు టీడీఎస్ వెర్షనో టీఎల్ఎస్సో. 18456 వస్తే సంతోషపడు, అది ఎస్‌క్యూఎల్ సర్వర్ స్వయంగ ఇచ్చే ‘లాగిన్ ఫెయిల్డ్’. దారంతా బాగుంది, పాస్‌వర్డో మిక్స్‌డ్ మోడో చూసుకో. ఈ ఎర్రర్లలో ‘అడాప్టివ్ సర్వర్’ అని పేరు చూసి చాలామంది బెదురుతరు, మాది మైక్రోసాఫ్ట్ సర్వర్ కద అని. టీడీఎస్‌ను మొదలు తయారు చేసింది సైబేస్ అనే కంపెనీ వాళ్లు (అడాప్టివ్ సర్వర్ వాళ్ల డేటాబేస్ పేరు), మైక్రోసాఫ్ట్ వాళ్లతోటి కలిసి చేసిన రోజుల నుంచి ఇటు వచ్చింది. పేరు మాత్రం అట్లనే మిగిలిపోయింది.

మిల్లు సర్వర్ 2008 ఆర్2 లాంటి పాతదైతే టీఎల్ఎస్ దగ్గర ఇంకో గొడవ వస్తది. కొత్త డెబియన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టీఎల్ఎస్ 1.2 కంటె తక్కువ ఒప్పుకోదు, పాత సర్వర్‌కు ఆ 1.2 రాదు. పైలో సెక్యూరిటీ తగ్గించే చిట్కాలు నెట్‌లో మస్తుగ ఉన్నయి, వాటి జోలికి పోకు. టీఎల్ఎస్ 1.2 కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్ ఉంది, సర్వర్‌కు అది ఎక్కించు.

టీఎస్‌క్యూఎల్ ఆడిందంటే మిగిలింది యూనిక్స్‌ఓడీబీసీ ఫైళ్లు. ‘ఓడీబీసీఇన్‌స్ట్ -జే’ కొట్టు. ఏ ఫైళ్లు చదువుతుందో అదే చెప్తది. డ్రైవర్ల ఫైలు మామూలుగా /ఈటీసీ/ఓడీబీసీఇన్‌స్ట్.ఐఎన్‌ఐ. అందులో ఇంతే చాలు:

[ఫ్రీటీడీఎస్]
డ్రైవర్ = /యూఎస్ఆర్/లోకల్/లిబ్/లిబ్‌టీడీఎస్‌ఓడీబీసీ.ఎస్ఓ

నెట్‌లో కాపీ కొడితే దాంట్ల ‘సెటప్’ అని ఇంకో లైబ్రరీ వరస ఉంటది. నీకు అవసరం లేదు. రెండో ఫైలు /ఈటీసీ/ఓడీబీసీ.ఐఎన్‌ఐ:

[కాంటా]
డ్రైవర్ = ఫ్రీటీడీఎస్
సర్వర్ = 192.168.1.20
పోర్ట్ = 1433
టీడీఎస్_వెర్షన్ = 7.4
డేటాబేస్ = మిల్లు
క్లయింట్‌క్యార్‌సెట్ = యూటీఎఫ్-8

ఇందులో ‘సర్వర్’ వేరు, ‘సర్వర్‌నేమ్’ వేరు, జర పైలం. ‘సర్వర్’ అంటే నేరుగ ఐపీ. ‘సర్వర్‌నేమ్’ అంటే ఫ్రీటీడీఎస్.కాన్ఫ్‌లో రాసుకున్న పేరు, మిగతా వివరాలు అక్కడి నుంచే తెచ్చుకుంటది. ఐపీని తెచ్చి ‘సర్వర్‌నేమ్’ ఎదురుగ పెట్టి, పోర్టు ఎందుకు పట్టించుకోవడంలేదని అడిగేవాళ్లు నాకు ఎందరో తగిలిన్రు. నేనైతే ‘సర్వర్’ ఒక్కటే వాడుత, అన్నీ ఒక్క ఫైలులో కండ్ల ముందు ఉంటయి. డ్రైవర్ అన్న కాడ రాసిన పేరు, మొదటి ఫైలులో బ్రాకెట్ల మధ్య ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండ ఒక్కటే ఉండాలె. తేడా వస్తే ఐఎమ్002 అని ఎర్రర్, ‘డేటా సోర్స్ నేమ్ నాట్ ఫౌండ్’. ఇది వచ్చినా లైబ్రరీ తప్పు కాదు, పేరు తప్పు.

‘ఐఎస్‌క్యూఎల్ -వీ కాంటా’ అని రాసి, యూజరు, పాస్‌వర్డు ఇస్తే ‘కనెక్టెడ్’ అని ఒక డబ్బా గీసి చూపిస్తది. -వీ మర్వకు, అది లేకుంటే ఎర్రర్ కారణం చూపియ్యదు.

ఇక పైథాన్ ప్రోగ్రామును సిస్టమ్‌డీ సర్వీసుగా (మెషిన్ ఆన్ కాంగనే దానంతటదే నడిచేటట్టు) పెడ్తవ్ కద, అక్కడ ఇంకోసారి ఐఎమ్002 ఎదురుపడొచ్చు. చేతితోటి నడిపితే పనిచేస్తది, సర్వీసుగా పెడితే చెయ్యదు. కారణం, నీ డేటా సోర్స్ నీ హోమ్ ఫోల్డర్‌లోని చుక్క-ఓడీబీసీ.ఐఎన్‌ఐలో ఉండటం. సర్వీసు వేరే యూజర్ పేరు మీద నడుస్తది, దానికి నీ హోమ్‌తోటి సంబంధం లేదు. అందుకే పైన /ఈటీసీలోనే పెట్టుమన్న. అనుమానం ఉంటే ఆ యూజర్ పేరు మీదనే సుడో తోటి ‘ఓడీబీసీఇన్‌స్ట్ -జే’ కొట్టి చూడు.

ఇంక పేర్ల ముచ్చట. నా లెక్కల అసలు ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడనే, ఎందుకంటే డ్రైవర్ పాడైతే ఎర్రర్ వస్తది, పేరు పాడైతే ఎవ్వరికీ తెల్వదు.

ల్యాప్‌టాప్ నుంచి పంపిన ఒక వరస తీసి, ప్రశ్నార్థకాలు లెక్కపెట్టు. ‘రాములు’ అనే పేరు తీసుకో. మన కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్‌లో ఆరు: ర, దీర్ఘం, మ, కొమ్ము, ల, కొమ్ము. డేటాబేస్‌లో సరిగ్గ ఆరు ప్రశ్నార్థకాలు ఉన్నయంటే, పేరు సర్వర్ దాకా యూనికోడ్‌గా మంచిగనే పోయింది, అక్కడ తెలుగు పట్టని కాలమ్‌లోకి దింపేటప్పుడు ఒక్కో దానికి ఒక్కో ప్రశ్నార్థకం పడ్డది. అట్ల కాకుండ పద్దెనిమిది పిచ్చి గుర్తులు ఉంటే కథ వేరే. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు, ఆరు మూళ్లు పద్దెనిమిది, ఆ బైట్లను ఎవరో విడివిడి అక్షరాలనుకొని చదివిన్రు. అప్పుడు తప్పు రాస్ప్‌బెర్రీ పై పక్కన, క్లయింట్ క్యార్‌సెట్‌లో (అక్షరాలను ఏ తీరు బైట్లుగా చదవాలో చెప్పే వరసలో) ఉంటది. ఉత్త డబ్బాలు కనబడితే ఫాంటు లేదు, డేటా క్షేమం.

నీకు ప్రశ్నార్థకాలు వస్తున్నయి గనక కాలమ్ వార్‌చార్ (తెలుగు పట్టని రకం) అయి ఉంటది. దాన్ని ఎన్‌వార్‌చార్ (యూనికోడ్ పట్టే రకం) చెయ్యాలె: ఆల్టర్ టేబుల్ రైతులు ఆల్టర్ కాలమ్ పేరు ఎన్‌వార్‌చార్(100) నాట్ నల్. ఆ ‘నాట్ నల్’ ముందు ఉండి ఉంటే మళ్లీ రాయాలె, రాయకపోతే చెప్పకుండనే పోతది. వంద ఎందుకంటవా? ‘లక్ష్మి’ కంటికి రెండక్షరాలే కని యూనికోడ్‌లో ఏడు. ‘వేంకటేశ్వర్లు’ పదమూడు. ఇంటి పేరు, తండ్రి పేరు కలిపితే ముప్పై, నలభై ఎప్పుడు దాటుతదో తెల్వదు.

కాలమ్ మార్చినా ప్రశ్నార్థకాలే వస్తే నీ పైథాన్ కోడ్ చూడు. పేరును తెచ్చి ఎస్‌క్యూఎల్ వాక్యంలో కొటేషన్ గుర్తుల మధ్య అతికిస్తున్నవా? ముందు ‘ఎన్’ లేకుండ ఆ గుర్తులల్ల ఉన్న మాటను సర్వర్ వార్‌చార్ అనుకుంటది, కాలమ్‌లో పడకముందే ప్రశ్నార్థకాలు చేస్తది. అతికించకు. వాక్యంలో పేరు ఉండాల్సిన కాడ ప్రశ్నార్థకం గుర్తు పెట్టి, పేరును విడిగ పారామీటర్‌గా పంపు, పైఓడీబీసీ (పైథాన్‌లో ఓడీబీసీ వాడే లైబ్రరీ) దాన్ని యూనికోడ్‌గానే పంపుతది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (పేరు కాడ దొంగ కమాండ్ దూర్చడం) బెడద కూడ పోతది.

ఇప్పటికే ప్రశ్నార్థకాలైన పేర్లు మాత్రం ఏం చేసినా తిరిగి రావు, అక్కడ ఇప్పుడు నిజంగ ఉన్నది ప్రశ్నార్థకమే. ఎన్ని వరసలు పోయినయో ముందు లెక్క తీయ్. మిల్లులో తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే బిల్లు) కార్బన్ కాపీలు ఉంటయి కద, గుమస్తాను కూసోబెట్టి ఆ నంబర్ల వారీగ మళ్లీ టైపు కొట్టియ్యి. పైలో బిల్డ్ అయినంక ‘టీఎస్‌క్యూఎల్ -సీ’ ఏం చూపిస్తుందో ఇక్కడ పెట్టు, చూస్త.